ఓ'బ్రయన్ గారి సింగిల్ కోట్

విజువల్ బేసిక్‌లోనో, ఆక్సెస్‌లోనో ఓ నాలుగేళ్లు ప్రోగ్రాములు రాసినవాళ్లని ఎవరినైనా కదిపి చూడండి. ఒక ఐరిష్ ఇంటిపేరు తప్పకుండా చెబుతారు: ఓ'బ్రయన్. మన రావులు, రెడ్లు, నాయుళ్లు, శర్మలు వందమంది వచ్చి తమ పేర్లు టైపు చేసినా కిక్కురుమనని ప్రోగ్రాం, ఓ'బ్రయన్ ఒక్కడు రాగానే కాళ్లు చాపేస్తుంది. హైదరాబాదులో రాసి, మన పేర్లతోనే పరీక్షించి, ఇంగ్లండుకో అమెరికాకో పంపిన ప్రోగ్రాములకి మొదటి వారంలోనే ఈ గండం వచ్చేది. మన ఇంటిపేర్లలో ఆ చిన్న కొక్కెం ఉండదు కదా. సికింద్రాబాదు డిసౌజాలని ఒక్కరిని పరీక్షకి కూర్చోబెట్టినా ముందే తెలిసిపోయేది.

ఐరిష్ భాషలో ఆ 'ఓ' అంటే మనవడు, ఫలానా వంశం వాడు అని అర్థం. అక్కడ అక్షరం నెత్తిన ఒక చిన్న గీత ఉంటుంది. ఇంగ్లీషు రాతలోకి వచ్చేసరికి ఆ గీత పోయి, పక్కన అపాస్ట్రఫీ వచ్చి కూచుంది. ఎవరి తాతల నాటి గీతో అది, ఇవాళ్టికీ ప్రోగ్రామర్ల నిద్ర పాడుచేస్తోంది.

జరిగేది ఇదీ. ప్రోగ్రాంలో ఒక క్వెరీని ముక్కలు ముక్కలుగా అతికిస్తారు. మొదటి ముక్క ప్రోగ్రామర్ రాసింది, మధ్య ముక్క తెర మీది పెట్టెలో వాడుకరి కొట్టింది, చివర ఒక సింగిల్ కోట్. అతికాక తయారయ్యేది ఇలా ఉంటుంది (కోడ్ కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంప్యూటర్ ఒప్పుకోదు, మీరు ఒప్పుకోండి):

సెలెక్ట్ * ఫ్రమ్ కస్టమర్స్ వేర్ ఇంటిపేరు = 'ఓ'బ్రయన్'

డేటాబేసు దృష్టిలో ఇంటిపేరు 'ఓ' దగ్గరే అయిపోయింది. మిగిలిన బ్రయన్ ఎవరో దానికి తెలీదు. సింటాక్స్ ఎర్రర్, ఆపరేటర్ కనబడటం లేదు అని ఒక పెట్టె తెర మీదకి తెస్తుంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ ఓ'బ్రయన్ గారికేమో, "మీ పేరు మా సిస్టం తీసుకోవట్లేదండీ" అని చెబుతారు.

అసలు ఈ అతుకుల బొంత మనకెలా వచ్చిందో చూడాలంటే అర్ధశతాబ్దం పైనే వెనక్కి వెళ్లాలి.

1970లో ఐబీఎంలో పనిచేస్తున్న టెడ్ కాడ్ అనే ఇంగ్లండు గణితజ్ఞుడు (రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన మనిషి) రిలేషనల్ మోడల్ మీద తన ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. అందులో ఉన్నదంతా గణితం. దాన్ని మామూలు మనుషుల నోటికి అందించాలని అదే సంస్థలోని డాన్ చాంబర్లిన్, రే బాయిస్ అనే ఇద్దరు కుర్రవాళ్లు పూనుకున్నారు. మొదట స్క్వేర్ అని ఒక భాష చేశారు. అందులో పాదాక్షరాలు, గణిత చిహ్నాలు ఉండటంతో కీబోర్డు మీద కొట్టడమే గగనమైంది. దాన్ని పక్కనపెట్టి, ఇంగ్లీషు వాక్యంలా చదువుకోగలిగే సీక్వెల్ అనే భాషని 1974లో మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో జరిగిన సదస్సులో పరిచయం చేశారు. ఆ పేరు మీద ఒక బ్రిటిష్ విమానాల కంపెనీకి అప్పటికే హక్కు ఉండటంతో తర్వాత అది ఎస్‌క్యూఎల్ అయింది. బాయిస్ పాపం ఆ ఏడాదే మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. అతని పేరు ఇవాళ బాయిస్-కాడ్ నార్మల్ ఫాం రూపంలో పరీక్ష పేపర్లలో బతికుంది.

వాళ్లు ఎవరికోసం ఆ భాష చేశారన్నది మన కథకి ముఖ్యం. ప్రోగ్రామర్ల కోసం కాదు. లెక్కలు రాసుకునేవాళ్లు, ఇంజనీర్లు, అలా కంప్యూటర్ వృత్తి కానివాళ్లు టెర్మినల్ ముందు కూచుని తమ ప్రశ్న తామే టైపు చేసుకుంటారని వాళ్ల ఊహ. టైపు చేసే మనిషికి తను ఓ'బ్రయన్ గురించి అడుగుతున్నానని తెలుసు కాబట్టి, ఆ కోట్‌ని రెండుసార్లు కొట్టాలనీ తెలుస్తుంది. ప్రశ్న రాసేదీ, పేరు ఇచ్చేదీ ఒకే మనిషి. ఈ ఇద్దరూ వేరైన రోజునుంచే మన తంటా మొదలైంది.

నిజానికి ఐబీఎం వాళ్లు ప్రోగ్రామర్లకి వేరే దారి కూడా వేశారు. సిస్టం ఆర్ అనే ప్రయోగంలో, కోబాల్, పీఎల్-వన్ ప్రోగ్రాముల మధ్యలో క్వెరీని నేరుగా రాసేవాళ్లు. పేరు రావలసిన చోట ప్రోగ్రాంలోని వేరియబుల్‌నే ఒక గుర్తుతో పెట్టేవాళ్లు (తర్వాత స్టాండర్డులో ఆ గుర్తు కోలన్ అయింది). ప్రీకంపైలర్ ముందే క్వెరీని చదివి, అర్థం చేసుకుని, యంత్రభాషలోకి మార్చి పెట్టేది. ఓ'బ్రయన్ వచ్చేసరికి క్వెరీ అర్థం ఎప్పుడో తేలిపోయింది. అతను తన కోట్‌తో సహా వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూచుంటాడు, అంతే. అంటే ఈ జబ్బుకి మందు జబ్బుకంటే ముందే ఉంది.

ఆ మందు మనదాకా ఎందుకు రాలేదంటే, మధ్యలో పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. ప్రతి భాషకీ, ప్రతి డేటాబేసుకీ ఒక ప్రీకంపైలర్ అంటే కుదిరే పని కాదు. అందుకని కంపెనీలన్నీ కలిసి, "మీరు క్వెరీని ఒక స్ట్రింగ్‌గా పంపండి, మేం అక్కడ చదువుకుంటాం" అనే పద్ధతికి వచ్చాయి. 1992లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఓడీబీసీ అలాంటిదే. న్యాయంగా చెప్పాలంటే అందులోనూ విలువ రావలసిన చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువని విడిగా కట్టే వీలుంది. కానీ స్ట్రింగ్ అంటూ చేతికిచ్చాక అతికించకుండా ఉండే ప్రోగ్రామర్ ఎవరు?

1991 మేలో విజువల్ బేసిక్ వచ్చింది. 1992 నవంబరులో ఆక్సెస్ వచ్చింది. 1993లో విజువల్ బేసిక్ మూడో వెర్షన్‌తో పాటు ఆక్సెస్ లోపలి జెట్ ఇంజన్ కూడా ప్రోగ్రామర్ల చేతికొచ్చింది. ఫారం మీద ఒక పెట్టె, ఒక బటన్, బటన్ వెనక ఒక స్ట్రింగ్. గోడౌన్లు, డాక్టర్ల క్లినిక్కులు, ఫైనాన్సు కంపెనీలు, కాలేజీ ఆఫీసులు అన్నీ ఇలాంటి ప్రోగ్రాముల మీద నడవడం మొదలైంది. మన అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద ఫ్రంట్ ఎండ్ విజువల్ బేసిక్, బ్యాక్ ఎండ్ ఒరాకిల్ అని జంటపేర్లు కనిపించిన రోజులవి. మా ముందు తరం అన్నయ్యలు, అక్కయ్యలు చాలామంది ఆ జంటని నమ్ముకునే విమానం ఎక్కారు. వాళ్లు రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాముల్ని బాగుచేస్తూ మా తరం వాళ్లం కొందరం అద్దె కట్టుకుంటున్నాం.

ఆ కోడ్ విప్పి చూస్తే తప్పులకి ఒక పురావస్తుశాఖే పెట్టొచ్చు. తేలికైనవి మొదట. పెద్ద క్వెరీని నాలుగు లైన్లుగా విరిచి రాసినప్పుడు లైను చివర ఖాళీ వదలడం మరిచిపోతారు. కస్టమర్స్, వేర్ అనే రెండు మాటలు కలిసిపోయి 'కస్టమర్స్‌వేర్' అనే కొత్త టేబుల్ పుడుతుంది. పెట్టె ఖాళీగా వదిలేస్తే 'నెంబర్ =' దగ్గర క్వెరీ గాల్లో వేలాడుతుంది. కాలంకి 'పాస్‌వర్డ్' అనో 'డేట్' అనో పేరు పెడితే, అవి జెట్ తనకోసం అట్టేపెట్టుకున్న మాటలు కాబట్టి, ఒకచోట నడిచిన క్వెరీ ఇంకోచోట మొరాయిస్తుంది. చుట్టూ చదరపు బ్రాకెట్లు పెడితే ఊరుకుంటుంది.

వీటన్నిటిలో నాకు ముచ్చటైంది మూడువేల అరవై ఒకటో నంబరు ఎర్రర్. "పారామీటర్లు తక్కువయ్యాయి, ఒకటి కావాలి" అంటుంది. ప్రోగ్రామర్ అసలు పారామీటర్ల జోలికే పోలేదు, మరి ఇదేమి అడుక్కోవడం? సంగతేమిటంటే, జెట్‌కి అర్థంకాని పేరు ఏది కనబడినా అది పారామీటర్ అనుకుంటుంది. కాలం పేరులో ఒక అక్షరం తప్పినా, ఊరు = రీడింగ్ అని కోట్లు లేకుండా రాసినా, ఆ రీడింగ్ ఎవరో చెప్పమని అడుగుతుంది. ఆక్సెస్ కిటికీలోనే నడిపితే ఒక చిన్న పెట్టె వచ్చి మర్యాదగా అడుగుతుంది కాబట్టి విషయం తెలిసిపోతుంది. కోడ్‌లోంచి నడిపితే అడగడానికి ఎదురుగా మనిషి లేడు, అందుకని అరుస్తుంది. తప్పు సందేశం అని దాన్ని తిట్టినవాళ్లే ఎక్కువ. నా లెక్కలో అది చాలా నిజాయితీ గల సందేశం.

కనిపెట్టే పద్ధతి అందరిదీ ఒకటే. క్వెరీని నడిపే ముందు డీబగ్ ప్రింట్ అని ఒక లైను పెట్టడం, కంట్రోల్-జీ కొట్టి ఇమ్మీడియట్ కిటికీలో తయారైన స్ట్రింగ్‌ని చూడటం, దాన్ని కాపీ చేసి ఆక్సెస్‌లో క్వెరీ కిటికీలో అతికించి నడిపి చూడటం. అతుకులు వేసే కోడ్‌ని గంటసేపు తదేకంగా చూసినా కనబడనిది, అతికిన స్ట్రింగ్‌ని చూస్తే అరనిమిషంలో కనబడుతుంది. దీనికీ ఒక మెలిక ఉందనుకోండి. లైక్ అనే మాటతో వెతికేటప్పుడు, ఆక్సెస్ కిటికీలో మామూలుగా నక్షత్రం పెట్టాలి. అదే క్వెరీ ఏడీఓ ద్వారా వెళ్తే శాతం గుర్తు పెట్టాలి. కిటికీలో నలభై వరుసలు చూపించిన క్వెరీ ప్రోగ్రాంలో సున్నా చూపిస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు. రాకపోవడమే ప్రమాదం.

అరిచే తప్పుని ఎవరైనా పట్టుకుంటారు. అరవనిదాన్ని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, దాని పేరు తేదీ.

జెట్‌లో తేదీని రెండు # గుర్తుల మధ్య రాస్తారు. ఆ రెండు గుర్తుల మధ్య ఉన్నది అమెరికా పద్ధతిలో, అంటే ముందు నెల, తర్వాత రోజు అనే వరసలో చదువుకుంటుంది. కంప్యూటర్ ఏ దేశంలో ఉందో, సెట్టింగులు ఎలా ఉన్నాయో దానికి పట్టదు. కానీ విజువల్ బేసిక్ మాత్రం తేదీని స్ట్రింగ్‌లో అతికించేటప్పుడు ఆ కంప్యూటర్ సెట్టింగుల ప్రకారం రాస్తుంది. ఇంగ్లండులో, ఇండియాలో ముందు రోజు, తర్వాత నెల. రాసేవాడిది ఒక వరస, చదివేవాడిది ఇంకో వరస. పోనీ ఎప్పుడూ తప్పే వచ్చినా బాగుండును. 13వ నెల లేదు కాబట్టి, 13 తర్వాతి రోజులకి జెట్ తనే చల్లగా తిప్పి చదువుకుంటుంది. ప్రతి నెలలో 13 నుంచి చివరిదాకా సరిగ్గా వస్తుంది. మొదటి పన్నెండు రోజులే తప్పు. పన్నెండు నెలలకి 144 రోజులు. అందులో జనవరి 1, ఫిబ్రవరి 2 లాంటివి ఎటు తిప్పినా ఒకటే, అవి పన్నెండు తీసేస్తే ఏడాదికి 132 రోజులు. ప్రోగ్రాంని నెల చివరి వారంలో పరీక్షించి అప్పగిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

ఇక్కడ ఇంగ్లండులో వ్యక్తుల ఆదాయపు పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై, మరుసటి ఏప్రిల్ 5తో ముగుస్తుంది. గోడౌన్లకి మనుషుల్ని సరఫరా చేసే ఒక చిన్న ఆఫీసులో, ఏడాది పనిగంటలు కూడి సెలవు జీతం లెక్కకట్టే ప్రోగ్రాం ఒకటి ఇలాగే నడిచేది. 06/04/2012 నుంచి 05/04/2013 దాకా అని అడిగితే, జెట్ దాన్ని 2012 జూన్ 4 నుంచి 2013 మే 4 దాకా అని చదువుకుంది. పన్నెండు నెలలకి బదులు పదకొండు నెలలు. అంకె మరీ తక్కువా కాదు, మరీ ఎక్కువా కాదు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రిపోర్టులో ఏప్రిల్, మే నెలల్లో మాత్రమే పనిచేసి మానేసిన వాళ్లు అసలు కనిపించనే లేదు. ఆ నెలల్లో ఎక్కువ షిఫ్టులు వేసుకున్నది ఈస్టర్ సెలవులకి వచ్చిన విద్యార్థులు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఒకమ్మాయి తన పే స్లిప్పులన్నీ వరసగా పేర్చి, చేత్తో కూడి, "సార్, నా గంటలు మీ దగ్గర తక్కువున్నాయి" అని ఆఫీసుకొచ్చి కూచుంటే గానీ వ్యవహారం నా దాకా రాలేదు. మేనేజరు మొదట, కంప్యూటర్ తప్పు కూడదమ్మా అన్నాడట. కంప్యూటర్ నిజంగానే తప్పు కూడలేదు. దానికి అర్థమైన తేదీల మధ్య ఉన్నవాటిని తు.చ. తప్పకుండా కూడింది.

అదే ప్రోగ్రాం ఇండియాలో నడిచి ఉంటే ఏమయ్యేదో సరదాకి చూశాను. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31. మొదటి తేదీ జనవరి 4 అయిపోతుంది. రెండోది 31 కాబట్టి మార్చి 31గానే ఉంటుంది. పన్నెండు నెలలకి బదులు దాదాపు పదిహేను నెలలు. ఒకే లైను కోడ్, అక్కడైతే లెక్క పెరుగుతుంది, ఇక్కడ తగ్గుతుంది.

జర్మనీ వాళ్లది ఇంకో గోస. అక్కడ దశాంశానికి చుక్క బదులు కామా. మూడున్నర యూరోలని స్ట్రింగ్‌లో అతికిస్తే 3,5 అవుతుంది. డేటాబేసు దాన్ని మూడు ఒకటి, అయిదు ఒకటి అని రెండు విలువలుగా లెక్కపెట్టి, కాలంల కంటే విలువలు ఎక్కువయ్యాయంటుంది. నయం, కనీసం అరుస్తుంది.

మన తెలుగుకీ ఇందులో వాటా ఉంది. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనికోడ్ కాలం పెట్టుకుని, క్వెరీలో 'రామారావు' అని తెలుగులో అతికించి పంపితే, లోపలికి వెళ్లేది వరసగా ప్రశ్నార్థకాలు. కోట్ ముందు 'ఎన్' అనే అక్షరం పెట్టకపోతే ఆ స్ట్రింగ్‌ని పాత కోడ్ పేజీలోకి మార్చుకుంటుంది, తెలుగుకి విండోస్‌లో అలాంటి కోడ్ పేజీయే లేదు. ఇదీ అరవదు. వరస జమ అయిందనే చెబుతుంది. ఒక్కసారి ప్రశ్నార్థకాలుగా మారాక వెనక్కి తెచ్చే దారి లేదు. ఓ'బ్రయన్ గారిని లోపలికి రానివ్వలేదు. రామారావు గారిని రానిచ్చి ముఖం చెరిపేసింది. రెండింటిలో ఏది నయమంటే నేను మొదటిదే అంటాను.

ఇన్నాళ్లూ ఇదంతా చిరాకు పెట్టే తప్పుగానే చూశారు. 1998 డిసెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రిక 54వ సంచికలో, రెయిన్ ఫారెస్ట్ పప్పీ అనే మారుపేరుతో జెఫ్ ఫారిస్టల్ ఒక వ్యాసం రాశాడు. అతను చూపించిందల్లా, పెట్టెలో కొట్టిన మాట కోట్‌ని దాటి బయటికి రాగలిగితే, అది మాటగా కాక ఆజ్ఞగా నడుస్తుందని. ఓ'బ్రయన్ తెలియక చేసినదాన్ని తెలిసి చేయడమే అది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అన్న పేరు తర్వాత స్థిరపడింది. జెట్ కూడా తక్కువ తినలేదు. 1999లో జెట్ 3.51లో ఒక లొసుగు బయటపడింది. క్వెరీలో దాచిన ఆజ్ఞ ఏకంగా విండోస్‌నే నడిపించగలిగేది. అలాంటి క్వెరీ ఉన్న ఎక్సెల్ ఫైలు తెరిస్తే చాలు. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాదే మరమ్మతు పంపింది.

2007లో వచ్చిన ఒక బొమ్మల జోకు మీరు చూసే ఉంటారు. కొడుకు పేరులోనే టేబుల్‌ని తుడిచేసే ఆజ్ఞ పెట్టిన తల్లి కథ. అన్నట్టు, ఆ కుర్రాడు జెట్ మీద నడిచే బడిలో చేరి ఉంటే ఏమీ అయ్యేది కాదు. జెట్ ఒకసారికి ఒక ఆజ్ఞే తీసుకుంటుంది, సెమీకోలన్ తర్వాత ఇంకేమైనా కనబడితే ఒప్పుకోదు. అలా అని లాగిన్ ఫారంలో పాస్‌వర్డ్ దగ్గర ' ఆర్ '1'='1 అని కొట్టేవాణ్ణి ఆపలేదు. పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి పంపిస్తుంది.

వెబ్‌కి ఇదే అలవాటు మోసుకెళ్లాక లెక్క మారింది. అమెరికాలో హార్ట్‌లాండ్ పేమెంట్ సిస్టమ్స్‌లో కార్డుల దొంగతనం 2009 జనవరిలో బయటపడింది. దాదాపు 13 కోట్ల కార్డుల వివరాలు పోయాయి. ఆ కేసులో ఆల్బర్ట్ గొంజాలెజ్‌కి 2010లో ఇరవయ్యేళ్ల శిక్ష పడింది. ఇంగ్లండులో 2015 అక్టోబరులో టాక్‌టాక్ అనే టెలిఫోన్ కంపెనీ నుంచి లక్షా యాభై వేల మందికి పైగా ఖాతాదారుల వివరాలు పోతే, మరుసటి ఏడాది 4 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. 2023లో మూవ్ఇట్ అనే ఫైళ్ల బట్వాడా సాఫ్ట్‌వేర్‌లో కూడా దొంగలు దూరింది ఈ కన్నంలోంచే.

మరి పారామీటర్లు ఎప్పటినుంచో ఉన్నాయి కదా, ఎందుకు వాడలేదు? బద్ధకం అని చాలామంది తేల్చేస్తారు. నేనంత తేలిగ్గా అనలేను. అతికించే కోడ్ ఒక్క లైను. పారామీటర్ల కోడ్‌కి కమాండ్ తెరవాలి, ఒక్కో విలువకీ రకం, పొడవు చెప్పాలి, అయిదారు లైన్లు. చాలా పుస్తకాల్లో ఉదాహరణలు పొట్టిగా ఉండాలని అతుకులే వేశారు, పాఠం చెప్పిన మాస్టార్లు అవే చెప్పారు. అంతకంటే పెద్ద కారణం ఇంకోటి ఉందని నాకనిపిస్తుంది. అతికించిన స్ట్రింగ్‌ని డీబగ్ ప్రింట్‌లో కళ్లారా చూడొచ్చు, ఆక్సెస్‌లో అతికించి నడపొచ్చు. పారామీటర్లు పెట్టాక ప్రింట్ చేస్తే కనబడేది ప్రశ్నార్థకాలు మాత్రమే, విలువలు ఇంకెక్కడో ఉంటాయి. రిపేరు చేయడం తేలిక అనే రిపేరు వచ్చే పద్ధతిని ఎంచుకున్నారు మనవాళ్లు. పైగా ఏడీఓ ద్వారా జెట్‌కి పంపే పారామీటర్లకి పేరు పెట్టినా జెట్ పట్టించుకోదు, వరసే చూస్తుంది. వరస తారుమారైతే ఇంటిపేరు ఊరి కాలంలోకి వెళ్లి కూచుంటుంది. మందుకి కూడా దాని తలనొప్పి దానికుంది.

విజువల్ బేసిక్ ఆరో వెర్షన్‌కి మైక్రోసాఫ్ట్ 2008లో మద్దతు ఆపేసింది. దాంతో రాసిన ప్రోగ్రాములు మాత్రం నేటి విండోస్ మీద కూడా నడుస్తూనే ఉన్నాయి. ఆ గోడౌన్ మనుషుల ఆఫీసులో రెండు తేదీలనీ పారామీటర్లుగా మార్చడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. పాత సంవత్సరాల గంటలన్నీ మళ్లీ కూడి, ఎవరికెంత రావాలో జాబితా తీయడానికి మూడు వారాలు పట్టింది. ఆ జాబితాలో సగం మంది అప్పటికే దేశం వదిలి వెళ్లిపోయారు, ఫోన్ నంబర్లు పనిచేయలేదు. పే స్లిప్పులు పేర్చుకొచ్చిన అమ్మాయికి నలభై రెండు పౌండ్లు వచ్చాయి.